పసిబిడ్డ జ్వరం – చైనా మూలికా వైద్యం

చైనా మూలికా వైద్యాన్ని గురించి మన అభ్యుదయ పాఠకులలో రెండు వాదాలు వినిపిస్తుంటాయి. మొదటి వాదం ప్రకారం అది భూస్వామ్య యుగపు అవశేషం. అంజనాలతో, తాయెత్తులతో పాటు దాన్నీ వదిలించుకోవలసిందే. రెండవ వాదం ప్రకారం అది కోట్లాది శ్రామికుల అనుభవసారం. విప్లవ చైనా దాన్ని ఆదరించింది గనుక మనమూ ఆదరించవలసిందే. మొదటివారు దాని పుట్టుకను చూసి తీర్పు చెబుతున్నారు. రెండవవారు దాని పోషకులను చూసి తీర్పు చెబుతున్నారు. జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్న పసిబిడ్డ ముందు ఆ వైద్యం ఏమి చేయగలిగింది, ఏమి చేయలేకపోయింది, చేయలేకపోయినప్పుడు ఏమి నేర్చుకున్నది అనే ప్రశ్న ఈ ఇద్దరికీ తట్టినట్లు లేదు. ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచినది ఆ ప్రశ్ననే.

పసిబిడ్డ జ్వరాన్నే ఎందుకు తీసుకోవాలి? చైనా వైద్యులు పిల్లల వైద్యానికి మూగశాస్త్రమని పేరు పెట్టారు. పెద్దవాడు నొప్పి ఎక్కడున్నదో చెబుతాడు; బిడ్డ ఏడుస్తుంది, అంతే. చెయ్యి పట్టుకుంటే నాడి నిలకడగా దొరకదు. జ్వరం గంటల్లో పెరుగుతుంది, మూర్ఛలు వస్తాయి, రెండు మూడు రోజుల్లో ఏదో ఒకటి తేలిపోతుంది. దీర్ఘరోగాల విషయంలో వైద్యుడు మాటలతో ఏళ్ళు గడపవచ్చు. బిడ్డ జ్వరం విషయంలో అది కుదరదు. కనుక ఒక వైద్య సంప్రదాయంలోని సారాన్ని పరీక్షించడానికి ఇంతకంటే కఠినమైన గీటురాయి లేదు.

నేను వైద్యుణ్ణి కాను, సాహిత్య విద్యార్థిని. సాహిత్యమే నన్ను ఈ చరిత్రలోకి తీసుకుపోయింది గనుక అక్కడి నుండే మొదలుపెడతాను.

లూ షున్ 1919లో ప్రకటించిన ‘రేపు’ అనే కథలో ఒక పేద వితంతువు ఉన్నది. పగలూ రాత్రీ నూలు వడికి తననూ, మూడేళ్ళ కొడుకునూ పోషించుకుంటుంది. బిడ్డకు జ్వరం వచ్చింది. గుడిలో శకునం చూసింది, మొక్కు మొక్కింది, ఎవరో చెప్పిన ఇంటి మందు పోసింది. ఇక మిగిలినది ఊళ్ళోని పేరుమోసిన వైద్యుడు. దాచుకున్న 13 చిన్న వెండి నాణేలు, 180 రాగి కాసులు మూటగట్టుకుని తెల్లవారగానే బిడ్డనెత్తుకుని పోయింది. ఆయన నాలుగంగుళాలు దాటిన గోళ్ళున్న వేళ్ళతో నాడి చూసి, బిడ్డ నడిమి కోష్ఠం మూసుకుపోయిందన్నాడు. ఊపిరాడడం లేదు, ముక్కుపుటాలు ఎగసిపడుతున్నాయని తల్లి మొరపెట్టుకుంటే, అగ్ని లోహాన్ని జయిస్తున్నదన్నాడు. ఆయన రాసిన గుళికలు ఒక్క అంగడిలోనే దొరుకుతాయి. తల్లి కొన్నది, తినిపించింది. బిడ్డ చనిపోయాడు.

పాఠకులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ తల్లి చూసినది ముక్కుపుటాలు ఎగసిపడడం. ఊపిరితిత్తుల వ్యాధిలో అది ప్రమాదచిహ్నమని నేటి పిల్లల వైద్యుడు ఎవరైనా చెబుతాడు. తల్లి కంటితో చూసిన నిజాన్ని వైద్యుడు ఒక సూత్రంతో కప్పివేశాడు. అగ్ని, లోహం అనేవి పంచభూతాల వంటి చైనా పంచతత్త్వాలు. లోహానికి ఊపిరితిత్తులు సంకేతం. ఒకనాడు ఆలోచనకు పనిముట్టుగా పుట్టిన మాట ఈ వైద్యుని నోట ప్రశ్నకు మూతగా మారింది.

లూ షున్ ఇది ఊహించి రాసినది కాదు. 1893లో తాత జైలు పాలయ్యాడు. తండ్రి మంచం పట్టి 1896లో మరణించాడు. బాలుడైన లూ షున్ తాకట్టు దుకాణానికీ, మందుల అంగడికీ మధ్య తిరిగాడు. వైద్యులు అడిగిన అనుపానాలు అసాధారణమైనవి: చలికాలంలో తవ్వి తెచ్చిన రెల్లు వేరు, మూడేళ్ళు మంచు తిన్న చెరకు, మొదటి నుండీ జంటగా బ్రతికిన కీచురాళ్ళు. వస్తువు దొరకడం ఎంత కష్టమైతే వైద్యునికి అంత గౌరవం; రోగి చనిపోతే తప్పు దొరకని వస్తువుది. ఈ అనుభవమే ఆయనను 1904లో జపానులోని సెండాయ్ నగరానికి ఆధునిక వైద్యం చదవడానికి పంపింది.

అయితే ఈ వైద్యుడే మొత్తం సంప్రదాయానికి ప్రతినిధా? ఇక్కడ చరిత్రలో ఒక వందేళ్ళకు పైగా వెనక్కి వెళ్ళవలసి ఉన్నది. పై జాబితాలోని రెల్లు వేరును గుర్తుంచుకోండి. అది మనకు మళ్ళీ కనిపిస్తుంది.

చైనా జ్వర వైద్యానికి మూలగ్రంథం మూడవ శతాబ్ది తొలినాళ్ళ నాటి జాంగ్ జోంగ్‌జింగ్ రచన. రెండు వందల మందికి పైగా ఉన్న తన వంశంలో 196 తరువాత పదేళ్ళు నిండకుండానే మూడింట రెండు వంతులు పోయారని, పోయినవారిలో పదింట ఏడుగురు జ్వరాలకే బలి అయ్యారని ఆయన పీఠికలో చెప్పుకున్నాడు. ఆ గ్రంథం చావులను లెక్కపెట్టి పుట్టినది. జ్వరమంటే చలి దెబ్బ అని ఆయన సిద్ధాంతం. దాల్చిన కొమ్మలు, మా హ్వాంగ్ అనే మొక్క వంటి వేడి మందులతో చెమట పట్టించడం, పైన పలుచని గంజి తాగించడం తొలి దశలో ఆయన చికిత్స. లంఖణం, గంజి, కషాయం ఎరిగిన తెలుగువారికి ఈ పద్ధతి పరాయిగా తోచదు. కాని తరువాతి శతాబ్దాలలో ఆ గ్రంథం వేదమైపోయింది. జనం కిక్కిరిసిన పట్టణాలలో కొత్త జ్వరాలు రేగినా, వైద్యులు పాత పేజీలనే తిరగేశారు.

1641లో చైనాలోని అనేక రాష్ట్రాలను మహమ్మారి ఊడ్చివేసింది. దాన్ని కళ్ళారా చూసిన వూ యూకె 1642లో కొత్త మాట చెప్పాడు: ఈ జ్వరం చలి వలన వచ్చినది కాదు, ప్రత్యేకమైన విషవాయువొకటి నోటి ద్వారా, ముక్కు ద్వారా ప్రవేశిస్తున్నది, ఒక్కొక్క వ్యాధికి ఒక్కొక్కటి. సూక్ష్మదర్శిని లేని కాలంలో అనుభవం ఇంత దూరం పోగలిగింది.

తరువాత వచ్చినవాడు వూ జూతోంగ్ (1758–1836). ఇతని అన్నదమ్ముల బిడ్డకు జ్వరం వచ్చింది, గొంతు వాచింది. ఒక వైద్యుడు గొంతులో చూర్ణం ఊదితే గొంతు పూర్తిగా పూడుకుపోయింది. తక్కిన వైద్యులందరూ వాడుకలో ఉన్న రెండు మూడు యోగాలనే తిప్పి తిప్పి ఇచ్చారు. బిడ్డ ఒళ్ళు పచ్చబారి చనిపోయాడు. ఆ వైద్యులలో ఒక్కరికీ ఈ జాతి జ్వరం సంగతి తెలియదని ఆయన తన పీఠికలో నిష్కర్షగా రాశాడు. తరువాత 1783లో బీజింగ్ చేరి, చక్రవర్తి గ్రంథసముచ్చయంలో లేఖకుడుగా పనిచేస్తూ వూ యూకె పుస్తకాన్ని చదివాడు. అయినా ఏళ్ళ తరబడి ఎవరికీ మందివ్వడానికి సాహసించలేదు. 1793లో రాజధానిలో అంటుజ్వరం చెలరేగినప్పుడు మిత్రుల బలవంతం మీద వైద్యానికి పూనుకున్నాడు. 1798 నాటికి ఉష్ణజ్వరాల మీద గ్రంథం సిద్ధమైంది, 1813లో అచ్చయింది. పిల్లల రోగాలకు అందులో ఒక ప్రత్యేక భాగమున్నది.

జ్వరం తొలి దశకు ఆయన కూర్చిన యోగం నేటికీ చైనా ఇళ్ళలో వాడుకలో ఉన్నది. హనీసకల్ పూలు, ఫోర్సిథియా కాయలు ప్రధానం. వాటితో పుదీనా జాతి ఆకు, అతిమధురం, పులియబెట్టిన సోయా గింజలు మొదలైనవి. వీటిని పొడిచేసి, రెల్లు వేరు కాచిన నీటిలో వేసి, ఘుమ్మని వాసన రాగానే దింపి తాగించాలి, ఎక్కువసేపు మరగనీయకూడదు. ఆకుల్లోని సుగంధ తైలాలు మరిగితే ఆవిరైపోతాయని మనకు తెలుసు. ఆయనకు కారణం తెలియకపోయినా ఫలితం తెలుసు. ఇప్పుడు రెల్లు వేరును చూడండి. వూ జూతోంగ్ చేతిలో అది నీటి ఒడ్డున ఎవరైనా తవ్వుకోగల వేరు. వందేళ్ళ తరువాత లూ షున్ ఇంటికి వచ్చిన వైద్యుని చేతిలో అది చలికాలంలో వెదికి తేవలసిన అరుదైన అనుపానం. వేరు మారలేదు, దాన్ని పట్టుకున్న చెయ్యి, ఆ చెయ్యి పనిచేసే సామాజిక సంబంధం మారాయి.

దీనికి ముందున్న మరొక గొప్ప పేరు కూడా చెప్పుకోవాలి. పదకొండవ శతాబ్దిలో చియెన్ యీ పిల్లల వైద్యానికే జీవితాన్ని ధారపోశాడు. తండ్రి ఇల్లు విడిచి దేశాంతరం పోతే మేనత్త ఇంట పెరిగి, ఆమె భర్త దగ్గర వైద్యం నేర్చుకున్నాడు. రాజకుటుంబంలో ఒక బాలికకు నయం చేసి, ఆ తరువాత రాజకుమారునికి మూర్ఛలు వస్తే పొయ్యిమట్టి ప్రధానమైన కషాయంతో కుదిర్చి ఆస్థాన వైద్యుడయ్యాడు. ఆయన బోధలను 1119లో మరొకరు గ్రంథస్థం చేశారు. పిల్లలు పెద్దల చిన్న ప్రతులు కారని, వారి అవయవాలు ఇంకా ఏర్పడుతున్నవని, కనుక పెద్దల ఘాటు మందులు పనికిరావని అందులో ఉన్నది. మశూచి, తట్టు వంటి దద్దుర్ల జ్వరాలను విడదీసి చూసే ప్రయత్నమూ ఉన్నది. జ్వరంతో మూర్ఛపోయిన బిడ్డకు మన పల్లెల్లో మొన్నమొన్నటి దాకా వాతలు పెట్టిన సంగతి తలచుకుంటే, అతని పరిశీలన విలువ మనకు తెలుస్తుంది.

కాని అదే గ్రంథంలోని పలు గుళికలలో ఇంగిలీకం ఉన్నది. అది పాదరసపు ఖనిజం. మూర్ఛలను అణచుతుందని శతాబ్దాల పాటు పసిపిల్లలకు తినిపించారు. పాదరసం పిల్లల మెదడుకూ, మూత్రపిండాలకూ విషమని నేడు తెలుసు. ఈ విషయాన్ని ఆ సంప్రదాయం లోపలి నుండి ఎందుకు కనుక్కోలేకపోయింది? మందు తిని బ్రతికిన బిడ్డ వైద్యుని కీర్తిలో చేరుతుంది. చనిపోయిన బిడ్డ తల్లి జ్ఞాపకంలో మాత్రమే మిగులుతుంది. నెమ్మదిగా ఎక్కే విషం ఏ ఒక్క వైద్యుని కంటికీ కనబడదు. దాన్ని చూడాలంటే వేలమంది బిడ్డలను, మందు తిన్నవారినీ తిననివారినీ, పక్కపక్కన పెట్టి లెక్కించాలి. రాజకుమారుని మూర్ఛ చరిత్రకెక్కింది. కూలివాని బిడ్డ మూర్ఛకు లెక్క రాసినవారు లేరు. లెక్కలేని చోట శాస్త్రం ఒక హద్దు దాటి పెరగదు. ఆ హద్దు చైనావారి బుద్ధికి సంబంధించినది కాదు, ఆనాటి సమాజ నిర్మాణానికి సంబంధించినది. ఐరోపా వైద్యులు కూడా పందొమ్మిదవ శతాబ్ది దాకా పిల్లలకు పాదరస లవణాలు తినిపించినవారే.

ఇక ఇరవయ్యో శతాబ్దిలోకి వద్దాం. 1929 ఫిబ్రవరిలో నాన్జింగ్ ప్రభుత్వపు ఆరోగ్య సమావేశంలో, జపానులో చదువుకున్న యూ యూన్‌షియూ పాత వైద్యాన్ని రద్దుచేయాలని ప్రతిపాదించాడు. మార్చి 17న దేశం నలుమూలల నుండి సంప్రదాయ వైద్యులు షాంఘైలో సమావేశమై ప్రతిఘటించారు. ప్రతిపాదన అమలు కాలేదు. ఆధునికత అని ఒకరు, జాతి గౌరవం అని ఒకరు పోరాడారు. ఆధునిక వైద్యుల సంఖ్య అత్యల్పమైన దేశంలో పల్లెటూరి బిడ్డకు జ్వరమొస్తే ఎవరు చూడాలన్న ప్రశ్న రెండు పక్షాల నినాదాల కిందా నలిగిపోయింది.

1949 తరువాత కొత్త ప్రభుత్వం ఆ ప్రశ్నను ఎదుర్కొనక తప్పలేదు. ఉన్న వైద్యులందరినీ కలుపుకుని పోవడమనే విధానం అవసరం నుండి పుట్టినది. 1955 డిసెంబరులో బీజింగులో చైనా వైద్య పరిశోధనాలయం వెలిసింది. 1956లో నాలుగు నగరాలలో సంప్రదాయ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. ఈ సంవత్సరాలలోనే పసిబిడ్డల జ్వరం మళ్ళీ రంగం మధ్యకు వచ్చింది. అది మెదడువాపు వ్యాధి. వరిపొలాల నీటిలో పెరిగే దోమలు పందుల నుండి, నీటి పక్షుల నుండి మోసుకువచ్చే వైరస్ దానికి కారణం. తీవ్రమైన జ్వరం, మూర్ఛలు, స్పృహ తప్పడం. బ్రతికిన పిల్లలలో కూడా చాలామందికి అంగవైకల్యం.

1954లో షిజ్యాజ్వాంగ్ నగర వైద్యులు జాంగ్ జోంగ్‌జింగ్ నాటి ‘తెల్లపులి’ కషాయాన్ని ఆధారం చేసుకుని ఈ రోగులకు చికిత్స చేశారు. జిప్సం, అనెమర్రీనా వేరు, అతిమధురం, బియ్యం అందులోని వస్తువులు. ఫలితాలు అద్భుతమని నివేదించారు. 1955లో ఆరోగ్య మంత్రిత్వశాఖ ఆ అనుభవాన్ని దేశానికి ఆదర్శంగా ప్రకటించింది. 1956లో బీజింగులో అదే వ్యాధి వచ్చినప్పుడు అదే కషాయం అలా పనిచేయలేదు. పూ ఫూజౌ అనే పెద్ద వైద్యుడు, ఈ ఏడు వానలు ఎక్కువ, రోగంలో తేమ చేరిందని చెప్పి యోగాన్ని మార్చాడు.

ఈ ఘట్టాన్ని మన వాళ్ళు సంప్రదాయ వైద్య విజయంగా ఉదాహరిస్తుంటారు. నేను కొంచెం ఆగి చూడమంటాను. గుడ్డిగా పాత చీటీనే రాయక రోగినీ, రుతువునూ చూసి మార్చడం మెచ్చుకోదగినదే. కాని మందు పనిచేస్తే సిద్ధాంతం గెలిచింది. పనిచేయకపోతే వాతావరణం మారింది. ఏ ఫలితం వచ్చినా ఓడిపోని సిద్ధాంతాన్ని పరీక్షించేది ఎలా? మందు పడకుండానే ఎందరు కోలుకునేవారో తెలియాలంటే పోల్చి చూసే జట్టు ఒకటి ఉండాలి, అది లేదు. ఆ వ్యాధి వైరస్‌ను చంపే నిర్దిష్టమైన మందు నేటికీ లేదు. ప్రభుత్వ ప్రశంస ఆ లోటును పూడ్చలేదు. చక్రవర్తి మెప్పు చియెన్ యీ గుళికలోని పాదరసాన్ని నిర్విషం చేయలేదు. మంత్రిత్వశాఖ మెప్పు విషయంలో మాత్రం వేరే న్యాయం ఎట్లా వర్తిస్తుంది?

అదే 1954లో షియాన్ నగరంలో మరొక పని జరిగింది. దోమ పిల్లల నుండి ఆ వైరస్‌ను వేరుచేసి భద్రపరిచారు. దానిని కణజాలంలో మళ్ళీ మళ్ళీ పెంచి, పరీక్షించి, దాని తీవ్రతను హరించి, కొన్ని దశాబ్దాల శ్రమ తరువాత టీకా తయారుచేశారు. 1988లో చైనాలో దానికి అనుమతి లభించింది. దాని చరిత్ర మన గడప దాకా వచ్చింది. 1999లో ఆంధ్రప్రదేశ్‌లో మెదడువాపు వ్యాధి చెలరేగి పల్లెల పిల్లలను పొట్టన పెట్టుకున్నది. 2005లో తూర్పు ఉత్తరప్రదేశ్‌లో వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి. 2006లో భారత ప్రభుత్వం చెంగ్దూలో తయారైన ఆ టీకాను దిగుమతి చేసుకుని పిల్లలకు వేయడం మొదలుపెట్టింది. 2013లో హైదరాబాదులో తయారైన మరొక టీకా వచ్చింది. దానికి మూలం కోలారు రోగి నుండి సేకరించిన వైరస్. 1954 నాటి రెండు పనులలో ఒకదానికి ప్రశంసాపత్రాలు వచ్చాయి. మరొకదాని నుండి మన పిల్లలకు రక్షణ వచ్చింది.

అయితే మూలికలు పనికిరావని దీని అర్థమా? కానే కాదు. ఇక్కడ లూ షున్‌నే మళ్ళీ చూడాలి. 1933లో ‘అనుభవం’ అనే వ్యాసంలో ఆయన ప్రాచీన ఔషధ గ్రంథాన్ని తిరగేస్తూ, అందులోని ప్రతి మందు వెనుక పేరులేని మనుషులు రుచి చూసి, కొందరు చచ్చి, కొందరు బ్రతికి సంపాదించిన జ్ఞానమున్నదని గౌరవంతో రాశాడు. వైద్యుల మోసాన్ని ఏవగించుకున్న ఆ కలమే ప్రజల అనుభవానికి నమస్కరించింది. ఈ రెంటికీ వైరుధ్యం లేదు.

అనుభవాన్ని పరీక్షకు పెడితే ఏమవుతుందో వియత్నాం యుద్ధకాలంలో తేలింది. మలేరియా మందు కోసం 1967 మే 23న చైనా ఒక రహస్య పరిశోధన ప్రారంభించింది. తూ యూయూ బృందం రెండు వేల పాత యోగాలను సేకరించింది. నాలుగవ శతాబ్దిలో గె హోంగ్ రాసిన ఒక చిన్న చికిత్సలో, పిడికెడు ఛింగ్‌హావో మొక్కను నీటిలో నానబెట్టి పిండి ఆ రసాన్ని తాగాలని ఉన్నది, కాచమని లేదు. వేడికి గుణం పోతున్నదేమోనని ఆమెకు తోచింది. తక్కువ వేడికే మరిగే ఈథర్‌తో సారం తీస్తే 1971 అక్టోబరులో జంతువులలో పూర్తి ఫలితం వచ్చింది. 1972లో ఆమె, సహచరులు ముందు తామే ఆ మందు మింగి చూశారు. దాని నుండి పుట్టిన ఆర్టిసునేట్ సూదిమందును ఆఫ్రికాలోని తొమ్మిది దేశాలలో తీవ్ర మలేరియాతో వచ్చిన 5,425 మంది పిల్లలపై క్వినైన్‌తో పోల్చి 2010లో ఫలితాలు ప్రకటించారు. క్వినైన్ పొందినవారిలో మరణాలు 10.9 శాతం, ఆర్టిసునేట్ పొందినవారిలో 8.5 శాతం. తూ యూయూకు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. చైనా మూలిక పసిబిడ్డ జ్వరాన్ని జయించిందనడానికి తిరుగులేని నిదర్శనం ఇది. ఆ గెలుపు మూలికదీ, లెక్కదీ కూడా.

వూ జూతోంగ్ యోగానికి కూడా ఇటువంటి పరీక్ష కొంత జరిగింది. 2009 నాటి ఇన్‌ఫ్లుయెంజాలో దాన్ని మరొక పాత యోగంతో కలిపి 410 మంది రోగులలో పరీక్షించగా, ఏ మందూ ఇవ్వనివారి కంటే జ్వరం త్వరగా తగ్గిందని 2011లో ప్రకటించారు. కాని వారందరూ పదిహేనేళ్ళు పైబడినవారు; వ్యాధి తేలికైనది; ఉత్తుత్తి మందుతో పోల్చలేదు. పసిబిడ్డకు దీన్ని అన్వయించే హక్కు మనకు ఇంకా రాలేదు.

దీనినుండి మనం తీసుకోవలసిన పాఠం స్పష్టం. ఒక వైద్యం ఏ దేశానిదని, ఏ వర్గపు పాలనలో ఆదరణ పొందిందని అడిగినంతలో దాని విలువ తేలదు. ఆ వైద్యం చేతిలో ఒక బిడ్డ చనిపోయినప్పుడు గ్రంథాన్ని దిద్దుకున్నారా, లేక బిడ్డను తప్పుపట్టారా? అడగవలసిన ప్రశ్న ఇదే. వూ జూతోంగ్ దిద్దాడు. ‘రేపు’ కథలోని వైద్యుడు సూత్రం వల్లించాడు. ఇద్దరూ ఒకే సంప్రదాయపు బిడ్డలే. మన దేశంలోనూ పాతదల్లా పరమసత్యమని చాటేవారికి కొదవ లేదు. వారిని పరీక్షకు నిలబెట్టే నైతిక బలం మనకు ఉండాలంటే, మనకు ప్రీతిపాత్రమైన దేశం నుండి వచ్చిన కషాయాన్ని కూడా అదే పరీక్షకు నిలబెట్టాలి. ఇంట్లో బిడ్డకు జ్వరం కాస్తున్నప్పుడు ఆ తల్లికి కావలసినది మన అభిమానం కాదు, నిజం.